కంటికి ఉపశమనం మూడంగుళాలు

మొన్న వేసవి సెలవులకు మా మనవరాలు రాయ్‌పూర్ నుంచి వచ్చి, రెండు రోజులపాటు నా మంచం చివర కూర్చుని ఫోనులో దుర్బిణులు చూసింది. ఊళ్లు, కొండలు చూసే దుర్బిణి కాదు, రైఫిలు మీద బిగించేది. కాలేజీ తరఫున గురి పోటీలకు వెళుతోంది పిల్ల. దూరపు పోటీలకు మొదటి దుర్బిణి కొనుక్కోవాలట, ఏది కొనాలో తేలడం లేదట. చివరికి విసుగెత్తి, "అమ్మమ్మా, నువ్వు జెప్పు, ఏది కొనమంటవ్?" అని ఎగతాళికి అడిగింది. నేను వత్తి చేసే పత్తి పక్కన పెట్టి, "కంటికీ అద్దానికీ నడుమ ఎంత దూరమిస్తడో ముందు అడుగు. మరీ పెద్దగ చూపెట్టేది కొనకు. కుండను పెద్దగ చూపెట్టేది నీ చేతి వణుకును గూడ పెద్దగనే చూపెడ్తది" అన్నాను. పిల్ల నోరు తెరిచి నా వంక చూసింది. ముగ్గుపిండి, మామిడికాయ కారం దాటి నాకు ఇంకేమైనా తెలుసునని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అనుకోనిచ్చింది నేనే. నిజానికి ఒకప్పుడు మా ఇంటికి దుర్బిణి ఎంచింది నేను.

అప్పుడు మేము కొంటాలో ఉండేవాళ్లం. శబరి ఏటికి ఇవతల బస్తరు సంస్థానం, అవతల ఇంకో సర్కారు. ముందు గది దుకాణం, వెనక గదులు ఇల్లు, నడుమ పెద్ద వాకిలి. ఉప్పు, కిరోసిన్, బట్టలు అమ్మేవాళ్లం. చింతపండు, కరక్కాయ, ఇప్పపువ్వు కొనేవాళ్లం. ఎండాకాలం వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తే ఆ తియ్యటి మత్తు వాసన గోడల్లోకి, పరుపుల్లోకి, చివరికి మజ్జిగలోకి కూడా ఎక్కేది. మా నాయనమ్మ పొద్దున లేవగానే కళ్లు తెరవకుండా ఒకసారి గాలి పీల్చి, ఇది ఫలానా నెల అని చెప్పేది. ఆ ఏడు మా అమ్మ పురిటికి భద్రాచలం వెళ్లింది. కాబట్టి ఇల్లంతా నాయనమ్మ చేతిలో ఉంది, నాయనమ్మ నా చేతిలో ఉందని నేననుకునేదాన్ని. నాకు పదిహేనేళ్లు. పేరు రాజ్యలక్ష్మి, పిలవడం రాజ్యం.

మా నాన్న చీమను తొక్కితే నొచ్చుకునే మనిషి. ఇంట్లో ఉల్లిపాయ కోయడమే పెద్ద హింస. అలాంటి వాడి దగ్గర రైఫిలు ఉండటం ఆ చుట్టుపట్ల ఒక వింత. బదిలీ మీద పోతూ ఒక అడవిశాఖ దొర, తన జ్వరంలో నెల రోజులు గంజి, బార్లీ మోయించిన కృతజ్ఞతకు దాన్ని నాన్నకు ఇచ్చి, లైసెన్సు కూడా ఇప్పించి పోయాడు. మీద దుర్బిణి బిగించే ఇనుప పట్టీ ఉంది గానీ దుర్బిణిని మాత్రం దొర తనతో తీసుకుపోయాడు. నాన్న ఆ రైఫిలుతో కుండలు కాల్చేవాడు. కుండలు తప్ప ఇంకేమీ కాల్చేవాడు కాదు. దుకాణం కట్టేశాక, ఎండ చల్లబడ్డాక, శబరి ఒడ్డుకు పోయి అంచు విరిగిన కుండను ఇసుకలో పెట్టి, వంద గజాల దూరం నుంచి పగలగొట్టి, తృప్తిగా ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేవాడు. చేలల్లో అడవిపందులు పడుతున్నాయని రైతులు వచ్చి బతిమాలినా కదిలేవాడు కాదు. మా దుకాణానికి ఇప్పపువ్వు తెచ్చే దొర్ల తెగ ముసలాయన, ముత్తయ్య తాత, విల్లంబులతో పుట్టిన మనిషి, ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు. "పంది పంట దిన్నది, దాన్ని ఇడిసిపెడ్తివి. కుండేం జేసింది సావుకారీ?" నాన్న ఆయనకు మరో గుప్పెడు ఉప్పు ఎక్కువ పోశాడు.

నాయనమ్మకు ఆ రైఫిలు మీద ఒకటే ఫిర్యాదు, కుండలు. అంచు విరిగిన కుండలు అయిపోతే నాన్న చూపు మంచి కుండల మీద పడేది. ఆమె పచ్చడి జాడీలను మంచం కింద దాచుకుని పడుకునేది. ఒకసారి తుపాకి నూనె సీసా, కొబ్బరినూనె సీసా ఒకే గూట్లో ఉంటే, కళ్లు సరిగా ఆనక మొదటిది నా తలకు పట్టించింది. వారం రోజులు నేను కొత్త తాళంలాగా వాసన కొట్టాను. నాన్న మాత్రం, "మంచిదే, తుప్పు పట్టదు" అన్నాడు.

ఇలా జరుగుతుండగా కొంటాకు కొత్త తహసీల్దారు వచ్చాడు. రాయ్‌పూర్ వైపు మనిషి, పెద్ద మీసం, దగ్గర ఒక రైఫిలు, తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చు. లైసెన్సులు తిరగరాసే సమయం. దుకాణానికి వచ్చి, బస్తా మీద కూర్చుని, బెల్లం ముక్క నములుతూ అన్నాడు. "సేఠ్‌జీ, నీకు బందూక్ ఎందుకు? తరాజు చాలు గదా."

"గురి కొడ్త హుజూర్," అన్నాడు నాన్న.

"వంద గజం? వంద గజం నా చప్రాసీ రాయితో కొడ్తడు. తీన్ సౌ గజం కొట్టు. మూడు కుండలు నీకు, మూడు నాకు. నా బరాబర్ వస్తే లైసెన్స్ రాస్త. రాకపోతే బందూక్ ఠాణాలో జమా."

ఆ రోజు నాన్న అన్నంలో చారు పోసుకోవడం మరిచిపోయాడు. ఆ రైఫిలు లేకపోతే ఆయనకేమీ నష్టం లేదని ఊరంతా అనుకుంది. నాకు తెలుసు. ఉదయం నుంచి సాయంత్రం దాకా తూకం, బేరం, బస్తాలు. ఆ పావుగంట మాత్రం ఆయన ఎవరికీ ఏమీ అమ్మకుండా, ఎవరి దగ్గరా ఏమీ కొనకుండా బతికేవాడు. మూడు వందల గజాల దూరంలో కుండ మామూలు గురికి మిరియపు గింజంత కనిపిస్తుంది. దుర్బిణి లేకుండా పని జరగదు. మద్రాసులో ఒక తుపాకుల దుకాణానికి ఉత్తరం రాస్తే, బొమ్మలతో ఇంగ్లీషు పుస్తకం ఒకటి పంపారు. నెల లోపల నచ్చకపోతే మార్చుకోవచ్చని కూడా రాశారు.

కొంటాలో ఇంగ్లీషు తెలిసింది పోస్టుమాస్టరు గారికి. రాజమండ్రి మనిషి, మాట నెమ్మది, తెలియని మాట దగ్గర ఆగడం ఆయన వల్ల కాదు. మా అరుగు మీద చాప వేయించుకుని పుస్తకం విప్పారు.

"ఇందులో మూడు రకాలున్నాయండీ. రెండున్నర రెట్లు పెద్దగా చూపించేది, నాలుగు రెట్లది, పది రెట్లది. లోపల అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి వెంట్రుకలుంటాయట."

గడప అవతల కూర్చున్న నాయనమ్మ ఉలిక్కిపడింది. "ఎంటికలా? ఎవరియి?"

"అది రాయలేదమ్మా."

"ఎవరి ఎంటికలో తెలవంది ఇంట్లకు రానియ్య," అంది నాయనమ్మ. గుర్రానివై ఉంటాయని పోస్టుమాస్టరు గారు ఊహించి చెప్పాక శాంతించింది.

"ఇక ఫీల్డు. ఫీల్డంటే పొలం. చిన్నదానికి నలభై అడుగుల పొలం, పెద్దదానికి పది అడుగులే."

"పొలం మాకెందుకు? వ్యాపారస్తులం," అన్నాడు నాన్న.

"తర్వాత... కంటికి ఉపశమనం. చిన్నదానికి మూడంగుళాలు. పెద్దదానికి ఒకటిన్నర."

నాన్న ఆలోచనలో పడ్డాడు. తన కళ్లకు ఏ జబ్బూ లేదు, ఉపశమనం ఎక్కువున్నా తక్కువున్నా ఒకటే. పొలం అక్కర్లేదు. ఇక మిగిలింది రెట్లు. పది రెట్లది రాయించాడు. నాయనమ్మ మాత్రం నీరు కారే తన కంటికి ఉపశమనం ఎక్కువున్నదే మంచిదని రెండు రోజులు పోరింది.

ఆ పెట్టె గోదావరి మీద లాంచీలో కూనవరం దాకా, అక్కడి నుంచి శబరి మీద నాటు పడవలో వచ్చింది. నల్లగా, మూరకు కొంచెం తక్కువ, మా పప్పుగుత్తి కంటే బరువు. రైఫిలుకు బిగించకముందే అది నాయనమ్మ చేతికి పోయింది. కిటికీలోంచి రేవు వైపు పెట్టి, ఒక కన్ను మూసి చూసింది. తర్వాత, "రాజ్యం, మీ మేనత్త మొగుడు పడవ దిగుతుండు. ఎసట్ల ఇంకో గిద్దెడు పొయ్యి. పెరుగు మాత్రం దాచు" అంది. అది ఆమె చేతిలో ఉన్న పది రోజులూ మా ఇంటికి ఏ చుట్టమూ చెప్పకుండా రాలేకపోయాడు. "ఇది తుపాకి మీద పెట్టేది కాదురా, వంటింటి కిటికీకి పెట్టేది" అని ఆమె తీర్పు.

నాన్న దాన్ని బిగించి ఒడ్డున బోర్లా పడుకున్నాడు. నేను తూటాల సంచి పట్టుకుని పక్కన కూర్చున్నాను. చాలాసేపు కాల్చలేదు. "ఏంది నాయనా?" అంటే, "కుండ ఎగుర్తుంది. ఆగు... అది కుండ గాదు, నా గుండె కొట్టుకునుడు" అన్నాడు. పది రెట్లలో ఆయన ఊపిరి, నాడి, మధ్యాహ్నం తిన్న పప్పు అన్నీ కుండ మీద కనిపిస్తున్నాయి. ఒకసారి కుండ ఆ పది అడుగుల పొలంలోంచి తప్పిపోతే మళ్లీ వెతికి పట్టుకోవడానికి ఒక బీడీ కాలేంత సేపు పట్టేది. చివరికి ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు. రైఫిలు వెనక్కి తన్నింది. ఒకటిన్నర అంగుళం దూరంలో ఉన్న దుర్బిణి అంచు వచ్చి ఆయన కుడి కనుబొమ్మ మీద నెలవంక గీసింది.

ఇంటికొచ్చాక నాయనమ్మ పసుపు అద్దుతూ తిడుతుంటే, నేను పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వచ్చు. మర్నాడు మా అరుగు మీదికొచ్చిన పోస్టుమాస్టరు గారిని అడిగాను. "కంటి మందుకు అంగుళాలెందుకుంటయండీ? మందు చుక్కలల్ల గదా ఉండేది?"

ఆయన ముక్కుపొడుం డబ్బీ మూసేశారు. నేనే చెప్పాను.

"ఈ మూడంగుళాలు మందు గాదు, దూరం. కన్ను అంత దూరం పెడ్తే దెబ్బ తగలదు. పొలమంటే గూడ చేను గాదు, దాంట్లకెళ్లి కనబడేంత జాగ. చిన్నదే మనకు గావాలె."

ఆయన పుస్తకం తిప్పి, బోర్లించి, మళ్లీ తిప్పి, "అదే నేను మొన్న చెప్పానన్నమాట" అన్నారు. నాన్న నా వంక చూశాడు. కనుబొమ్మ మీద పసుపు పట్టీతో ఆయన ముఖం కొంచెం పెళ్లికొడుకులాగా ఉంది. "చిన్నదే రాయుండ్రి," అన్నాడు. అంతే. మా నాన్న నన్ను మెచ్చుకున్న తీరు అది.

చిన్నది వచ్చింది. దానిలో కుండ కొంచెమే పెద్దగా కనిపించింది గానీ కదలకుండా నిలబడింది. పెద్దదాన్ని మద్రాసుకు తిప్పి పంపుదామని పెట్టెలో సర్దుతుంటే తహసీల్దారు చూశాడు. ఎత్తి చూసి, రేవులో కడుగుతున్న తన గుర్రం తోకలో వెంట్రుకలు లెక్కపెట్టాడు. తన రైఫిలు మీదా అలాంటి పట్టీయే ఉంది, సరిపోయింది. వెంటనే కొనేశాడు. నాన్న నిజాయితీగా చెప్పాడు, కనుబొమ్మ కూడా చూపించాడు. "హుజూర్, అది తంతది. చిన్నదే మేలని మా రాజ్యం ఏరింది."

"మంచి మాల్ నీకు, చిన్నది నాకు? కోమటి తెలివి!" అని నవ్వి, చంకలో పెట్టుకుపోయాడు.

పోటీ పొద్దు పొడిచేటప్పుడని చెప్పిన తహసీల్దారు, పూరీలు తిని, టీ తాగి, ఇసుక కాలే వేళకు వచ్చాడు. ఊరంతా ఒడ్డున చేరింది. నాయనమ్మ కూడా పసుపు డబ్బాతో వచ్చింది, ఎవరికో ఒకరికి అవసరం పడుతుందని. నడి ఏట్లో ఇసుకదిబ్బ మీద తడిక కట్టి, తడిక మీద కుండలు వరుసగా పెట్టారు. తడిక వెనక మనిషిలోతు గొయ్యి తీసి అందులో ముత్తయ్య తాతను కూర్చోబెట్టారు. కుండ పగిలితే వెదురు గడకు కట్టిన తెల్లగుడ్డ పైకెత్తి ఊపడం ఆయన పని.

ముందు నాన్న. మొదటి గుండు ఎక్కడికో పోయింది. జనం నిట్టూర్చారు. రెండో గుండుకు కుండ పగిలింది, తెల్లగుడ్డ ఊగింది. మూడోదానికి ఇంకొకటి. చప్పుడు తర్వాత ఒక రెప్పపాటు ఆగి పగులుతున్నాయేమిటని ఎవరో అంటే, పోస్టుమాస్టరు గారు, "దూరం కదండీ, గుండు వెళ్లొద్దూ!" అని సర్దిచెప్పారు.

తర్వాత తహసీల్దారు పడుకున్నాడు. ఎండకు ఇసుక మీద గాలి కాగే నెయ్యిలా ఆడుతోంది. పది రెట్లలో అది ఇంకెంత ఆడిందో! "కుండ ఈతకొడ్తుంది," అని ఆయన గొణగడం నేను విన్నాను. కన్ను ఇంకా దగ్గరికి తీసుకుపోయాడు. నాన్న, "హుజూర్, కన్ను ఎనుకకు..." అనేలోపల రైఫిలు పేలింది. గుండు ఆకాశానికి, తహసీల్దారు వెనక్కి. లేచేసరికి మీసం మీదికి రెండు నెత్తుటి చుక్కలు జారాయి. నాయనమ్మ అప్పటికే పసుపు డబ్బా మూత తీసింది.

"ఊకో కొడుకా, ఊకో," అంటూ తహసీల్దారు నుదురంతా పసుపు మెత్తింది. సంస్థానంలో ఆయన్ను అలా పిలిచినవాళ్లు ఎవరూ ఉండరు. ఆయన నిజంగానే ఊరుకున్నాడు. కన్ను వాచి మూసుకుపోయింది. ఇంకా రెండు గుండ్లు మిగిలి ఉన్నాయి. ఓడానని అనడానికి నోరు రాలేదు. చుట్టూ చూసి, నా మీద వేలు పెట్టి, కసిగా నవ్వాడు. "దుర్బీన్ ఏరింది ఈ పిల్లనే గదా? నా తరఫున ఇదే కొట్టాలె."

నాన్న ముఖం చూశాను. రెండూ కొడితే ఆయనకు, తహసీల్దారుకు సమానం. ఒక్కటైనా తప్పితే నాన్న గెలిచినట్టు. గెలిస్తే పై అధికారిని పదిమందిలో ఓడించినట్టు, ఆ మనిషి ఏం రాస్తాడో ఎవరికి తెలుసు? ఇవన్నీ నాకు ఆ క్షణంలో తట్టాయని చెబితే అబద్ధం. నాకు తట్టింది ఒకటే, ఇన్నాళ్లూ సంచి మోసిన నేను ఇవాళ కాలుస్తాను. "ఆ పెద్దదానితోని కొట్ట. మా నాయన రైఫిలే గావాలె," అన్నాను.

నాన్న నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. తన లైసెన్సు, తన కుండలు అన్నీ మరిచిపోయి, చెవి దగ్గర చిన్నగా చెప్పాడు. "కన్ను మూడంగుళాలు. అడ్డెంటిక కుండ నడుమ పెట్టు. ఊపిరి సగం ఇడువు. మీట గుంజకు బిడ్డా, పిండు." పిండాను. భుజం మీద ఎవరో రోకలితో పొడిచినట్టయింది. కళ్లు తెరిచేసరికి జనం కేకలు, దిబ్బ మీద తెల్లగుడ్డ. రెండోసారి భయం లేదు. మళ్లీ తెల్లగుడ్డ. నాన్న నా నెత్తి మీద చెయ్యి వేశాడు. ఆ చేతికి తుపాకి నూనె, చింతపండు కలిసిన వాసన.

"బరాబర్! బరాబర్!" అని అందరికంటే గట్టిగా అరిచింది తహసీల్దారే. ఆ సాయంత్రమే నాయనమ్మ చేతి కాఫీ తాగుతూ మా అరుగు మీదే లైసెన్సు కాగితం రాశాడు. ఈ వర్తకుడి వద్ద రైఫిలు ఉండటం వల్ల కుండలకు తప్ప ఎవరికీ అపాయం లేదని రాసినట్టు పోస్టుమాస్టరు గారు చదివి చెప్పారు. ఆయన చదవడం ఎలాంటిదో మీకు తెలుసు కాబట్టి నేను హామీ ఇవ్వలేను.

రెండు రోజుల తర్వాత ముత్తయ్య తాత ఉప్పుకు వచ్చాడు. నాన్న లోపల ఉన్నాడు. నేను ఉప్పు కొలిచి పోస్తుంటే తాత ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "మీ నాయన మొదటిది తప్పిండు. నాకు పానం గొట్టుకున్నది. రైఫిలు గుంజుకుంటరట గదా. ఇగ చప్పుడు ఇనంగనే ఎనుకకెళ్లి గడతోని పొడిసిన."

నా చేతిలో సోల ఆగిపోయింది. "రెండూ పొడిసినవా?"

"రెండెక్కడియి? నాలుగు పగిలినయి గదా."

"తాతా, కడమ రెండు నాయనయి గాదు! తహసీల్దారు దిక్కు నేను గొట్టినయి!"

ముసలాయన నెత్తి గోక్కున్నాడు. "గొయ్యిల కూసున్నోనికి ఎవలు గొడుతుండ్రో ఎట్ల ఎరుకైతది? తహసీల్దారు తుపాకి చప్పుడు ఏరు. మన రైఫిలు చప్పుడు నాకెరుక. అది మోగింది, మీ నాయనే అనుకున్న, పొడిసిన." మూట ముడి బిగిస్తూ, "అన్నీ నేను పొడవలే బిడ్డా. ఒకటి మాత్రం నేను గడ లేపకముందే పగిలింది. నిజంగ గుండు తగిలింది" అన్నాడు.

"ఏది తాతా? నాయనదా, నాదా?"

"కండ్లల్ల ఇసుక, పెంకులు పడ్డయి. మన రైఫిలు చప్పుళ్లన్ని ఒక్కతీరుగనే ఇనబడ్డయి, అది ఎన్నోదో యాదికి లేదు. ఎట్ల జెప్పను?" అని ఉప్పు మూట భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు మా మనవరాలు కాల్చే చోట కుండలు లేవు. గుండు ఎక్కడ తగిలిందో వెంట్రుకవాసి తేడా లేకుండా పక్కనే ఉన్న పలక మీద చుక్క పడుతుందట. తప్పితే తప్పిందని క్షణంలో చెప్పేస్తుందట. మంచిదే. పిల్ల తన గురి ఎంతో తనకు తెలిసే బతుకుతుంది. కానీ దాని తప్పును చూసి ప్రాణం కొట్టుకునే మనిషి ఒకడు గోతిలో కూర్చుని ఉండడు. మా నాన్న బతికినంత కాలం, వచ్చిన ప్రతి చుట్టానికీ "రెండు నేను, రెండు మా రాజ్యం" అని చెప్పుకున్నాడు. నేను పక్కన నిలబడి తల ఊపాను. తాత చెప్పిన మాట ఆయన చెవిన వేయలేదు. ఆ ఒక్క కుండ ఎవరిదన్నది ఇప్పటికీ తేలలేదు. కొన్ని రోజులు దాన్ని నాన్నకు ఇచ్చేస్తాను. ఎక్కువ రోజులు నేనే ఉంచుకుంటాను.